అద్దాల తొట్టెలో సముద్రము – బంధమా? పోషణమా?

గాజు తొట్టెలో చేపలను పెంచు వేడుక క్రొత్తది కాదు. మంచినీటి బంగారు చేపలు రెండు, గుప్పెడు గులకరాళ్లు, ఒక నాచుతీగ – ఇంతవరకు చాల యిండ్లలో ఉన్నదే. ఇటీవలి కాలమున కలవారి ముందు గదులలోను, హోటళ్లలోను, వైద్యుల వరండాలలోను వేరొక రకపు తొట్టె కానవచ్చుచున్నది. అందులోనిది ఉప్పునీరు. నీలి దీపముల క్రింద పగడములు విచ్చుకొని యుండును. నారింజ వన్నెపై తెల్లని పట్టెలు గల చిన్న చేప, పువ్వు వంటి ఎనిమోన్ అను జంతువు నడుమ ఆడుచుండును. రాతి సందున ఒక రొయ్య మీసములు కదలించుచుండును. సముద్రములోని పగడపు దిబ్బను ఒక తునుక కోసి తెచ్చి గోడకు ఆనించినట్లుండును. చూచినవారు చూపు త్రిప్పుకొనుట కష్టమే.

అట్టి తొట్టె ఒక జైన గృహమున వెలసినపుడు దానితో పాటు ఒక చిక్కు ప్రశ్నయు లోపలికి వచ్చును. నీటిని వడగట్టి త్రాగు ఇల్లది. ప్రొద్దు గ్రుంకక ముందే భోజనము ముగించు ఇల్లది. ఆ యింట ఇన్ని జీవులను నాలుగు అద్దముల నడుమ నిలిపి చూచుట దయయా, హింసయా? పెద్దలు పంజరము పంజరమే యందురు. పిల్లలు, సముద్రములో పెద్ద చేప నోట పడవలసినది ఇక్కడ వేళకు తిండి తిని హాయిగా నున్నదందురు. ఇరువురి మాటలోను కొంత నిజమున్నది. కాని ఇరువురును ఆ తొట్టె ఎట్లు నడచునో, అందలి జీవి ఎచ్చటి నుండి వచ్చెనో విచారింపకయే తీర్పు చెప్పుచున్నారు.

శ్రావకుని అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు తత్త్వార్థసూత్రమున ఉమాస్వామి చెప్పెను. బంధించుట, కొట్టుట, అవయవములు కోయుట, మోయలేని బరువు మోపుట, అన్నపానములు అడ్డుట. ఇవి ఎద్దును, గుర్రమును, సేవకుని తలచుకొని చెప్పినట్లు తోచును. ఉప్పునీటి తొట్టె ప్రక్కన నిలిచి చదివినచో, కొట్టుట తప్ప తక్కినవన్నియు అచ్చటనే కానవచ్చును. అందు మొదటిది బంధము. వెళ్లగోరిన చోటికి వెళ్లనీయకుండుటయే బంధమని వ్యాఖ్యాతలు చెప్పిరి. బంధించినవాడు కోపముతో బంధించెనా, ముద్దుతో బంధించెనా అను భేదము బంధింపబడిన దానికి లేదు.

అయితే వెళ్లగోరిన చోటు అన్ని చేపలకు ఒకటి కాదు. క్లౌన్ చేప సముద్రములో నున్నపుడు సైతము తన ఎనిమోన్‌ను విడిచి నాలుగడుగులు దాటిపోదు. దూరము పోయినచో దానికి ప్రాణభయము. టాంగ్ అను పలుచని, వెడల్పాటి చేప అట్లు కాదు. అది దిబ్బ వెంట నాచు కొరుకుచు దినమంతయు ఈదును. మూడడుగుల తొట్టెలో క్లౌన్ చేపకు బంధము స్వల్పము. టాంగ్‌కు అది కారాగారము. పిల్లగా నున్నపుడు టాంగ్ రెండంగుళములే యుండును గనుక కొనువానికి ఈ సంగతి తోచదు. కావున దయ గల మనసు ఒక్కటియే చాలదు. ఆ చేప ఎంత పెరుగును, ఎంత దూరము ఈదును, ఏమి తినును అను ఎరుక లేని దయ దానికి ఉపకరింపదు.

బరువు మోపుట అను దోషము తొట్టెలో ఎట్లుండునో తెలియవలెనన్నచో నీటి సంగతి తెలియవలెను. చేప విసర్జించునది అమోనియా. సముద్రములో అది ఎక్కడికక్కడ కలిసిపోవును. రెండు వందల లీటర్ల తొట్టెలో పోవుటకు దారి లేదు. కొద్దిపాటి అమోనియాయే మొప్పలను కాల్చును. దానిని ఒక జాతి బాక్టీరియా నైట్రైటుగా మార్చును, అదియు విషమే. వేరొక జాతి దానిని నైట్రేటుగా మార్చిన పిమ్మట గాని నీరు చేపకు పనికిరాదు. ఈ సూక్ష్మజీవులు రాళ్లలోను ఇసుకలోను నెలకొని వృద్ధి చెందుటకు నాలుగు వారములు మొదలు ఆరు వారములు పట్టును. అంతవరకు తొట్టె ఖాళీగా నుండవలెను. కొన్నవానికి ఓపిక ఉండదు. బిడ్డలకు అసలే ఉండదు.

పూర్వము ఈ అదనున ఒక పద్ధతి నడచినది. డామ్‌సెల్ అను గట్టి ప్రాణము గల చౌక చేపలను రెండు మూడు వేసి, అవి నిలిచినచో నీరు పక్వమైనదనియు, చచ్చినచో ఇంకను కాలేదనియు ఎంచుట! కొలమానముగా ప్రాణమును వాడుట యిది. నేడు సీసాలో దొరకు అమోనియం క్లోరైడును, నీటిని పరీక్షించు మందులును ఆ పనిని చక్కగా చేయును. ఒక్క చేపయు అక్కరలేదు. అయినను తొట్టెను, చేపలను ఒకే దినమున ఒకే బిల్లు మీద అమ్ము కొట్లు ఇంకను కలవు. ఆ కొట్టువానికి తాను ఏమి అమ్ముచున్నాడో తెలియదనుట కల్ల.

నీరు పక్వమైన తరువాత సైతము తొట్టె తాళలేని జనాభాను అందులో నింపుటయే బరువు మోపుట. ఎద్దు బండికి పది బస్తాలు అధికముగా వేసినపుడు ఎద్దు మోకాళ్లూనును, వీధివారు చూతురు. తొట్టెలో ఎనిమిది చేపలు అధికమైనచో నీరు తేటగానే కనిపించును. లెక్కలు మాత్రము చెడుచుండును. ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీల నడుమ నిలువవలెను. ఉప్పు సాంద్రత 1.025 వద్ద నుండవలెను. పి.హెచ్. 8.1కి తగ్గక 8.4కి మించక యుండవలెను. పగడములున్నచో కాల్షియము లీటరుకు 400 మిల్లీగ్రాములకు పైబడి యుండవలెను. ఆవిరియై పోవునది నీరే గాని ఉప్పు కాదు. కావున తగ్గిన మేరకు ప్రతిదినము మంచినీటినే పోయవలెను. ఈ చిన్న సంగతి మరచి ఉప్పునీరు పోసి తొట్టెను చంపుకొన్నవారు పెక్కుమంది. వేసవిలో కరెంటు పోయినచో కొన్ని గంటలలోనే నీటిలో ప్రాణవాయువు క్షీణించును. బ్యాటరీ మీద నడచు గాలి పంపు ఒకటి లేనివాడు ఈ జోలికి పోరాదు.

ఈ శ్రమ మొదటి నుండియు ఉన్నదే. 1846లో ఆనా థిన్ అను ఆంగ్ల వనిత టార్కీ తీరము నుండి పగడ జీవులను లండను నగరమునకు తెచ్చుకొనెను. పంపులు, కరెంటు లేని కాలమది. నీటికి గాలి పట్టించుటకై తెరచిన కిటికీ యెదుట నిలిచి, ఒక పాత్ర నుండి వేరొక పాత్రలోనికి నీటిని పోయుచు, ప్రతిదినము అరగంటకు పైగా ఇంటి పనిపిల్ల శ్రమపడెడిది. జీవులను బ్రతికించిన కీర్తి యజమానురాలికి దక్కెను. బ్రతికించిన చేయి ఎవరిదో చరిత్రకు పేరైనను తెలియదు. నేటి యిండ్లలోను చాలచోట్ల తొట్టె యజమానిది, నీరు మోయుట వేరొకరిది.

అన్నపాన నిరోధము ఇంకను సూక్ష్మమైనది. మాండరిన్ అను చేప ఒకటి కలదు. పట్టుచీర అంచు వలె నీలము, నారింజ కలిసిన వన్నె. అది రాళ్ల మీద ప్రాకు కోపిపాడ్ అను అతి సూక్ష్మ జీవులనే దినమంతయు ఏరుకొని తినును. పొడి మేత వేసినచో సాధారణముగా ముట్టదు. క్రొత్త తొట్టెలో ఆ సూక్ష్మ జీవులు కొద్ది వారములలో తరుగును. పిమ్మట ఆ చేప మెల్లమెల్లగా ఎండి చచ్చును. యజమాని దినమునకు రెండుమార్లు మేత వేయుచునే యుండును. చేప అందరి యెదుట పస్తుండును. ఇతర చేపల ఒంటి మీది క్రిములను ఏరి తిని బ్రతుకు క్లీనర్ రాస్ గతియు ఇంచుమించు ఇట్టిదే. అన్నము అడ్డినవాడెవడును లేడు. అయినను అన్నము లేదు. పెంచుటకు సాధ్యము కానిదానిని కొనుటయే ఇచ్చట నిరోధము.

తిండి మాటలో అసలు చిక్కు వేరొకటి యున్నది. దానిని మాటుపరచుట తగదు. పగడపు దిబ్బ చేపలలో చాలవాటికి మాంసాహారము కావలెను. గడ్డకట్టించిన చిన్న రొయ్యల బిళ్లలు, గ్రుడ్ల నుండి పొదిగించిన ఆర్టీమియా పిల్లలు – ఇవియే మేత. పాలు, పెరుగు ఉంచు పెట్టెలో ఆ బిళ్లలను ఉంచుటకు ఏ జైన గృహిణి ఒప్పును? సముద్రములో చేప చేపను తినినచో అది దాని స్వభావము. గృహస్థుని చేతికి అంటదు. తొట్టెలో మేత వేయునది అతని చేయి. ఆ చిన్న ప్రాణము అతని సంకల్పముతోనే పోవుచున్నది. సంసార నిర్వహణమున తప్పని హింస ఒకటి యున్నదనియు, బుద్ధిపూర్వకమైన సంకల్పహింసను గృహస్థుడు సైతము విడువవలెననియు పెద్దల నిర్ణయము. వేడుకకై పెట్టుకొన్న తొట్టెను తప్పనిసరి జాబితాలో వ్రాయుట కుదరదు. వేడుకకై చేయు హింసకు అనర్థదండమని వేరే పేరున్నది.

ఒక మార్గము లేకపోలేదు. పగడములలో చాలవాని దేహమున సూక్ష్మమైన నాచు నివసించి, వెలుతురు నుండి ఆహారము చేసి వాటికి పెట్టుచుండును. మెత్తని పగడములు, నాచు తిను నత్తలు, చక్కని రాళ్లు, మంచి దీపము – ఇంతతో చేపలు లేకయే సొగసైన తొట్టెను నడపవచ్చును. నత్తలకు నాచు చాలకున్నచో ఎండబెట్టిన సముద్రపు నాచును అందింపవచ్చును. చేప లేని తొట్టె ఏమి తొట్టె యని పిల్లలు పెదవి విరుతురు. విరువనీ.

పగడమును గూర్చి ఒక మాట. పదునెనిమిదవ శతాబ్దమున పేసొనెల్ అను ఫ్రెంచి వైద్యుడు పగడము జంతువని చెప్పువరకు ఐరోపా పండితులు దానిని మొక్కయనియే తలచిరి. అతని మాటను చాలకాలము నమ్మలేదు కూడ. జీవవిచార ప్రకరణమున పగడము స్ఫటికము, మణుల సరసన పృథ్వీకాయములలో లెక్కింపబడినది. అది ఏ తెగకు చెందినదను విషయమున గ్రంథమునకు, నేటి శాస్త్రమునకు పొత్తు కుదరకపోవచ్చును; ప్రాణి యనుటలో మాత్రము గ్రంథము ముందే యున్నది. తొట్టెను చూచి ముఖము చిట్లించు పెద్దమనిషి వ్రేలికి కుజగ్రహ శాంతికై పగడపుటుంగరము ఉండుట కద్దు! ఇక తొట్టెలోని పగడమును ముక్కలుగా కోసి పెంచుట ఛేదము కాదా అని అడుగవచ్చును. కోయుట కోయుటయే. అయితే ఆ ముక్క తిరిగి పెరుగును. ఒకరి తొట్టెలో పెరిగినది పదిమందికి చేరినచో, ఆ మేరకు సముద్రములోని దిబ్బను ఉలితో కొట్టు పని తప్పును. రెండు తప్పులలో చిన్నది ఏదో ఎంచుకొనుట గృహస్థునికి నిత్యము ఉన్నదే.

ఇంతవరకు తొట్టె లోపలి సంగతి. తొట్టెకు వెలుపల నడచినది అంతకంటె పెద్దది. 2003లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమమువారి పక్షమున వెలువడిన ఒక నివేదిక ప్రకారము, లోకమున ఏటా 2 కోట్లు మొదలు 2 కోట్ల 40 లక్షల వరకు సముద్రపు అలంకార చేపలు క్రయవిక్రయములలో నుండెను. వాటిలో అత్యధిక భాగము దిబ్బల మీద పట్టినవే. ఫిలిప్పీన్సులో 1960ల నుండియు, తరువాత ఇండోనేసియాలోను, సోడియం సయనైడును నీటిలో కరగించి రాతి సందులలోనికి చిమ్మి, మైకము కమ్మిన చేపలను ఏరుకొను దుర్మార్గము వ్యాపించినది. చట్టము దానిని నిషేధించినను మానలేదు. ఆ విషము తగిలిన పగడము తెల్లబారి చచ్చును. పట్టుబడిన చేపలలో కొన్ని అచ్చటనే, కొన్ని సంచిలో, కొన్ని విమానములో, కొన్ని కొట్టులో చచ్చును.

వర్తకము తెలిసినవారికి తరుగు అను మాట తెలియును. బెల్లము కరగినను, ధాన్యము పురుగు పట్టినను, దారిలో సీసా పగిలినను, ఆ నష్టమును మిగిలిన సరుకు ధరలో కలుపకున్నచో కొట్టు నిలువదు. చేపల వ్యాపారములోను అంతే. దారిలో చచ్చినవాని వెల బ్రతికి వచ్చినదాని మీద పడును. కావున కొట్టులో ఒక చేపకు రొక్కము చెల్లించువాడు ఒక చేపనే కొనుచున్నాననుకొనరాదు. చచ్చినవానికి కూడ అతడే చెల్లించుచున్నాడు. చెల్లించినందుననే మరుసటి వారము మరల పెట్టెలు దిగుచున్నవి. తాను చేయుట, ఇతరులచే చేయించుట, చేసినదానికి సమ్మతించుట – ఈ మూడింటిని కృత, కారిత, అనుమోదనలని ఒకే వరుసలో ఉంచిన పెద్దలు గిరాకీ అనగా ఏమో బాగుగా ఎరిగినవారే. పండ్రెండవ శతాబ్దమున హేమచంద్రాచార్యుడు యోగశాస్త్రమున శ్రావకునికి తగని వ్యాపారములను పేర్కొనుచు, చిలుక, గోరువంక, పిల్లి, కుక్క మొదలగువానిని ధనముకొరకు పెంచుటను కూడ చేర్చెను. చేపను పేర్కొనలేదని ఊరడిల్లువారు ఊరడిల్లవచ్చును.

అనుమోదన ఎంత దూరము పోవునో తెలుపు వృత్తాంతమొకటి ఇంగ్లండు దేశమున జరిగినది. ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతి శాస్త్రవేత్త భక్తుడు. సముద్రతీరపు చిన్న జీవులనిన ప్రాణము. లండను జంతుశాలలో 1853లో వెలసిన చేపల గృహమునకు అతడు జీవులను సమకూర్చెను. 1854లో తొట్టెలను గూర్చి గ్రంథము వ్రాసెను. అది చదివి జనులు వేలకొలదిగా గరిటెలు, సీసాలు పట్టుకొని తీరములకు పరుగిడిరి. కొన్ని యేండ్లలో డెవన్ తీరపు రాతి మడుగులు బోసిపోయెను. ఆ వినాశనమును, దానిని చూచి తండ్రి పడిన వ్యథను, కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో తన గ్రంథమున వ్రాసెను. తండ్రి ఒక్క మడుగును పాడుచేయలేదు. అందమును చూపెను, అంతే.

నేమినాథస్వామి వివాహమునకు పోవుచు దారిలో దొడ్డిలో కట్టిన మృగముల ఆక్రందనము విని రథమును మరల్చెను. చేపకు మనుష్యుని చెవికి చేరు ఆక్రందనము లేదు. దాని మాటను కంటితో చదువుకొనవలెను: మొప్పలు వడివడిగా ఆడుట, రెక్కలు ముడుచుకొనుట, వన్నె తగ్గుట, రాతికి ఒళ్లు రాచుకొనుట, తిండికి రాకుండుట. ఒంటిపై ఉప్పు రవ్వల వంటి తెల్లని చుక్కలు వచ్చినచో అది క్రిప్టోకారియాన్ అను పరాన్నజీవి పని. దానికి రాగి మందు కలదు. కాని ఆ మందు రొయ్యలను, నత్తలను, పగడములను చంపును గనుక పెద్ద తొట్టెలో వేయరాదు. అందుచేత క్రొత్తగా వచ్చిన ప్రతి చేపను నాలుగు నుండి ఆరు వారములు విడి తొట్టెలో ఉంచి చూడవలెను. ఆ వ్యాధి పెద్ద తొట్టెలో ప్రవేశించినచో చేపలన్నిటిని వెలికి తీసి రెండు నెలలకు పైగా దానిని ఖాళీగా నుంచుట తప్ప వేరు గతి లేదు. రోగక్రిమియు జీవియే కదా యని శంకించువారికి సైతము విడి తొట్టెయే సమాధానము. అందు ఇరుపక్షములను చావు తక్కువ.

కొనక తప్పదనువారు తొట్టెలలోనే పుట్టి పెరిగిన చేపలను అడిగి కొనవచ్చును. మండపము మొదలగు చోట్ల గల కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను, డామ్‌సెల్ చేపలను గ్రుడ్ల నుండి పెంచు విధానమును సాధించినది. ఇండోనేసియాలోని బంగాయి దీవుల కార్డినల్ చేప మగది గ్రుడ్లను నోట పెట్టుకొని పొదుగును. అదియు తొట్టెలలో పిల్లలు పెట్టును. స్వదేశపు పగడముల మాట వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలోనికి 2001లో దిబ్బలు కట్టు పగడములు, సముద్రపు గుర్రములు చేర్చబడినవి. మన్నారు సింధుశాఖ నుండి గాని, లక్షద్వీపముల నుండి గాని పగడమును తెచ్చుట నేరము. చేప తొట్టెలో పుట్టినంత మాత్రమున బంధము తొలగదు. మేత చిక్కును తీరదు. పట్టుట అను మొదటి హింస మాత్రము ఉండదు. ఆ తేడా చిన్నది కాదు.

ఇక, ఇదంతయు విని మనసు కరగి, ఉన్న చేపలను రేవుకు తీసికొనిపోయి విడిచిపెట్టుదమను పుణ్యాత్ములు కలరు. ఇది అన్నిటికంటె ప్రమాదము. నీరు వడగట్టిన బట్టలో మిగిలిన జీవులను ఏ బావి నీరైన ఆ బావికే చేర్చవలెనను నియమము జైన గృహములలో తరతరములుగా ఉన్నదే. దానిలోని తెలివి గొప్పది. హిందూ, పసిఫిక్ సముద్రములకు చెందిన సింహచేప 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరమున కనబడెను. తొట్టెల నుండి విడిచినవే దానికి మూలమని శాస్త్రజ్ఞుల నిర్ణయము. అచ్చటి చేపలకు దాని సంగతి తెలియదు. దానిని తినునవి లేవు. అది కరీబియన్ సముద్రమంతయు వ్యాపించి అచ్చటి చిన్న చేపలను లెక్కకు మించి మ్రింగుచున్నది. విడిచినవారు దయతోనే విడిచి యుందురు. ఒకసారి బంధించిన పిమ్మట విడుచుటకు సైతము స్వేచ్ఛ ఉండదు. పోషింపవలెను, లేదా పోషింపగలవానికి అప్పగింపవలెను.

తొట్టెల పక్షమున చెప్పదగినది ఒకటి ఉన్నది. సముద్రము వేడెక్కి పగడములు తెల్లబారుట 1998 నుండి పలుమార్లు లోకమంతట జరిగినది. 2023 వేసవిలో ఫ్లోరిడా సముద్రము మితిమీరి కాగినపుడు, అచ్చటి శాస్త్రజ్ఞులు నర్సరీలలోని పగడములను వేలకొలదిగా ఒడ్డున గల తొట్టెలలోనికి చేర్చి కాపాడిరి. పగడమును గాజులో బ్రతికించు విద్య వేడుక కొరకు పెంచినవారి చేతులలో కూడ కొంత పెరిగినదే. దానిని కాదనుట న్యాయము కాదు. అయితే ముందు గదిలోని ప్రతి తొట్టెయు ఆ పుణ్యములో భాగము అడుగరాదు.

కొనుటకు ముందు వయస్సు లెక్క కూడ చూచుకొనవలెను, చేపది, తనది. క్లౌన్ చేప తొట్టెలో ఇరువది యేండ్లకు పైగా జీవించుట కలదు. ఏబది దాటిన గృహస్థు దానిని కొన్నచో, తరువాత నీరు చూచువారెవరో అప్పుడే అడిగి యుంచవలెను. ఇల్లు, కొట్టు, నగలు ఎవరికెవరికో కాగితము వ్రాయుదురు. తొట్టెను గూర్చి వ్రాసినవారు అరుదు. స్కాట్లండులో సర్ జాన్ డాలియెల్ అను ప్రకృతి శాస్త్రవేత్త 1828లో నార్త్ బెర్విక్ తీరపు రాతి నుండి ఒక ఎనిమోన్‌ను తెచ్చి గాజు పాత్రలో పెంచెను. ఎడింబరోలో దానికి అవ్వ అని ముద్దుపేరు వచ్చెను. డాలియెల్ 1851లో మరణించెను. ఆ జీవి ఒకరి తరువాత ఒకరి చేతికి మారుచు, తాజా సముద్రపు నీటిని పోయించుకొనుచు, వందల పిల్లలను పెట్టి 1887 వరకు బ్రతికెను.